ఫీజు కట్టించుకునే ముందు ఒక్క కాగితం ఇవ్వండి

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నత విద్యను చూసే అధికారులకు,
సినిమా, మీడియా కోర్సులకు గుర్తింపు ఇచ్చే విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్లకు,
ఆ కోర్సులు నడిపే కాలేజీల యాజమాన్యాలకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రంలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. 1998లో, వీహెచ్‌ఎస్ క్యాసెట్ల కాలంలో పెళ్లి వీడియోలు తీయడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అదే నా బతుకుదెరువు. మీకు ఎన్నో పనులుంటాయి కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

సినిమా, మీడియా ప్రొడక్షన్ కోర్సుల్లో పిల్లల్ని చేర్చుకుంటున్న పద్ధతి మీద 2024 నవంబరులో ఒక వినతిపత్రం, 2025 ఫిబ్రవరిలో ఇంకొకటి సంబంధిత కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు కార్డులు తిరిగొచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద ఒకే ఒక్క ప్రశ్న వేశాను. హైదరాబాద్‌లో సినిమా కోర్సులు చెబుతున్న ప్రైవేటు సంస్థల్లో దేనికి ఏ విశ్వవిద్యాలయం గుర్తింపు ఉంది అని. ఆ వివరాలు తమ దగ్గర లేవని రెండు లైన్ల సమాధానం వచ్చింది. చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ వివరాలు మీ దగ్గరే లేకపోతే, ఇంటర్ పాసైన పిల్లాణ్ని వెంటబెట్టుకుని పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన తండ్రికి ఎక్కడ దొరుకుతాయి? అందుకే ఈ ఉత్తరం అందరి ముందూ పెడుతున్నాను.

మా పెద్దబ్బాయి 2021లో ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. కరోనా వల్ల పరీక్షలు లేకుండా అందరినీ పాస్ చేసిన బ్యాచ్. చిన్నప్పటి నుంచి స్టూడియోలో మిక్సింగ్ కంప్యూటర్ పక్కనే పెరిగాడు. ఏడో తరగతిలోనే పెళ్లి వీడియోలు కట్ చేసేవాడు. ఇంజినీరింగ్ వద్దు నాన్నా, సినిమా ఎడిటింగ్ చదువుతాను అన్నాడు. మా బావమరుదులు, అన్నదమ్ములు అందరూ వద్దన్నారు. నేనే సరే అన్నాను. సినిమా చదువంటే నాకు చులకన లేదు. చిరంజీవి గారు మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన నేర్చుకుని వచ్చినవారే. బాహుబలికి కెమెరా పట్టిన సెంథిల్ కుమార్ గారు పుణె ఇన్‌స్టిట్యూట్‌లో చదివినవారే. పని తెలిసిన ఇంట్లో పుట్టాడు, పద్ధతిగా నేర్చుకుంటే నాలాగా పెళ్లిళ్ల దగ్గర ఆగిపోడు అనుకున్నాను.

నగర శివార్లలో ఒక కాలేజీకి వెళ్లాం. పేరు రాయను. ఒక్క కాలేజీ మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. ఇదే కథ తర్వాత నాకు తెలిసిన మరో నాలుగు ఇళ్లలో విన్నాను, నాలుగూ వేరువేరు కాలేజీలు. ఆ రోజు మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, సినిమా ప్రముఖుల ఫొటోలున్న పుస్తకం చేతిలో పెట్టారు. తర్వాత పరికరాల గది చూపించారు. అద్దాల బీరువాలో సినిమా కెమెరా ఉంది. అడిగితే బయటకు తీసి నా చేతికిచ్చారు. లెన్స్ తిప్పి బిగించే మౌంటు రింగు మీద ఒక్క గీత లేదు. చేతిపిడి రబ్బరు కొత్తది కొత్తగానే ఉంది. రోజూ వాడే కెమెరాకు ఆరు నెలల్లో అక్కడ గీతలు పడతాయి, రబ్బరు నునుపు తేలుతుంది. ఈ కెమెరాను పిల్లలు ముట్టుకోవడం లేదని నాకు ఆ క్షణమే అర్థమైంది. కానీ పక్కన మావాడి మొహం వెలిగిపోతోంది. నోరు తెరవలేకపోయాను. అదే రోజు 50 వేలు అడ్వాన్సు కట్టాను. కెమెరాల సంగతి తెలిసిన నేనే మాట్లాడలేకపోతే, కెమెరా ఎన్నడూ పట్టని రైతు, ఆటో నడిపే తండ్రి, అంగన్‌వాడీ టీచరమ్మ ఏం అడగగలరు?

ఇక ఈ కోర్సుల వల్ల మా లాంటి ఇళ్లలో జరుగుతున్నదేమిటో వరుసగా చెబుతాను.

1. చదివింది ఒకటి, చేతికొచ్చింది ఒకటి. చేర్చుకునేటప్పుడు "మూడేళ్ల ఫిల్మ్ డిగ్రీ" అన్నారు. 2024 సెప్టెంబరులో మావాడికి రెండు కాగితాలు ఇచ్చారు. ఒకటి కాలేజీ సొంతంగా అచ్చేసుకున్న డిప్లొమా. రెండోది వేరే రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చిన బి.ఎ. అందులో సినిమా అన్న మాటే లేదు. పరీక్షలు రాయించినప్పుడు అది "యూనివర్సిటీ ఫార్మాలిటీ" అన్నారట, పిల్లలు నమ్మారు. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి, డీమ్డ్ విశ్వవిద్యాలయానికి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థకు తప్ప ఎవరికీ లేదు. ఒక రాష్ట్రం చట్టం చేసి పెట్టిన విశ్వవిద్యాలయం ఆ రాష్ట్రం దాటి బయట సెంటర్లు నడపడం కుదరదని ప్రొఫెసర్ యశ్‌పాల్ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ నేను తర్వాత లాయరు దగ్గర కూర్చుని తెలుసుకున్నవి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

పేర్ల గందరగోళం ఇంకొకటి. బి.ఎఫ్.ఎ. (లలితకళల డిగ్రీ), బి.వొక్. (వృత్తి నైపుణ్యాల డిగ్రీ), బి.ఎస్సీ. విజువల్ కమ్యూనికేషన్, బి.ఎ. మాస్ కమ్యూనికేషన్, డిప్లొమా, అడ్వాన్స్‌డ్ డిప్లొమా, సర్టిఫికెట్ కోర్సు. హోర్డింగ్ మీద అన్నీ ఒకటే "ఫిల్మ్ అండ్ మీడియా". మాస్ కమ్యూనికేషన్‌లో ఎక్కువగా వార్తలు రాయడం, ప్రకటనలు, ప్రజాసంబంధాలు ఉంటాయి. విజువల్ కమ్యూనికేషన్‌లో డిజైన్, ఫొటోగ్రఫీ, కొంత వీడియో ఉంటుంది. బి.వొక్. అయితే యూజీసీ లెక్క ప్రకారం 60 శాతం పని నేర్పాలి, 40 శాతం మామూలు పాఠాలు. ఎడిటర్ కావాలనుకున్న పిల్లాడు వీటిలో దేంట్లో చేరాలో చెప్పేవాళ్లు మా మండలంలో ఒక్కరు లేరు. ఇంటర్ కాలేజీ లెక్చరర్లకూ తెలియదు. వాళ్లకు ఎంసెట్ తెలుసు, నీట్ తెలుసు.

2. కెమెరా చేతికి రావడం లేదు. ఇది కొంచెం లెక్క, ఓపికగా చదవండి. సిలబస్‌లో రెండో ఏడాది ఒక సెమిస్టర్‌లో కెమెరా ప్రాక్టికల్‌కు 6 క్రెడిట్లు రాశారు. ప్రాక్టికల్‌లో ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. ఆరు క్రెడిట్లంటే 180 గంటలు. కాగితం మీద బాగుంది. క్లాసులో 60 మంది. పనిచేసే కెమెరాలు 3. ఆ మూడూ 180 గంటలు ఒక్క నిమిషం ఆగకుండా తిరిగినా మొత్తం 540 గంటలు. అరవై మందికి పంచితే తలా 9 గంటలు. మిగతా 171 గంటలు పక్కన నిలబడి చూడటమే. ఒక కెమెరా రిపేరుకు పోతే తలా 6 గంటలు. ఒక్క పెళ్లికి, లగ్గం రోజు ఒక్కరోజే నేను 9 గంటలకు పైగా కెమెరా పట్టుకుంటాను. మా స్టూడియోలో పని నేర్చుకోవడానికి వచ్చిన పదో తరగతి పిల్లాడికి మొదటి నెలలోనే అంతకు నాలుగింతలు కెమెరా దొరుకుతుంది, పైగా వాడికి నేనే రోజుకు 300 ఇస్తాను.

3. చెప్పేవాళ్లు నిలవడం లేదు. పరికరాలు తక్కువైనా గురువు మంచివాడైతే చదువు వస్తుంది, ఇది నేను కళ్లారా చూశాను. మావాడికి మొదటి ఏడాది సౌండ్ చెప్పిన సారు ఒకరుండేవారు. ఒకరోజు తెల్లవారుజామున 5 గంటలకు పదిమందిని జూబ్లీ బస్ స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఉన్నది ఒక రికార్డరు, ఒక హెడ్‌ఫోను. కళ్లు మూసుకుని వినండి, విన్నది విన్నట్టు రాయండి అన్నారట. మావాడి నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ ఇప్పటికీ ఉంది. 31 శబ్దాలు రాసుకున్నాడు. టీ గ్లాసులు బకెట్‌లో ముంచే చప్పుడు. వెనక్కి వచ్చే బస్సు డొక్క మీద కండక్టరు అరచేత్తో కొట్టే దెబ్బ. టికెట్ మిషన్ లోంచి కాగితం చిరిగే చప్పుడు. షట్టర్ సగం లేచి ఆగి మళ్లీ లేచిన చప్పుడు. పక్కనే బ్రాకెట్లో ఏది దగ్గర, ఏది దూరం అని రాసుకున్నాడు.

అన్నేళ్లు నేను పెళ్లి వీడియోల్లో కింద శబ్దం మొత్తం తీసేసి పైన పాట వేసేవాణ్ని. ఆ పేజీ చదివాక ఒక పెళ్లిలో అప్పగింతలప్పుడు పాట వేయకుండా అక్కడి మాటలు, ఏడుపులు, కారు డోరు పడిన చప్పుడు అన్నీ అలాగే ఉంచాను. పెళ్లికూతురి తల్లి ఆ ముక్కను మా స్టూడియోలోనే మూడుసార్లు పెట్టించుకుని చూసింది. ఒక మంచి సారు చెప్పిన ఒక్క పాఠం జనగామ దాకా వచ్చింది.

ఆ సారుకు నాలుగు నెలలు జీతం ఇవ్వలేదట. రెండో ఏడాది మధ్యలో వెళ్లిపోయారు. ఆ తర్వాత సౌండ్ క్లాసులు సీనియర్ విద్యార్థులే చెప్పారు. ప్రాస్పెక్టస్‌లో మాత్రం ఆయన ఫొటో ఆ తర్వాతి ఏడాది కూడా ఉంది.

4. డబ్బు. ఫీజు ఏడాదికి 2 లక్షల 60 వేలు, మూడేళ్లకు 7 లక్షల 80 వేలు. హాస్టల్ నెలకు 7 వేల చొప్పున 30 నెలలు. ఎడిటింగ్‌కు సరిపడే ల్యాప్‌టాప్ 85 వేలు. చివరి ఏడాది షార్ట్ ఫిల్మ్‌కు మావాడి వాటా 60 వేలు. మొత్తం 11 లక్షల 35 వేలు. వీటిలో ఫీజు ఒక్కటే ముందు చెప్పారు. గుర్తింపు ఉన్న కోర్సయితే విద్యారుణం 7.5 లక్షల దాకా తనఖా లేకుండా దొరికే ఏర్పాటు ఉంది. మా బ్యాంకు మేనేజరు కాలేజీ గుర్తింపు కాగితం తెమ్మన్నారు, అది లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా అందుకే రాలేదు. మా ఆవిడ నాలుగు తులాలు కుదువ పెట్టాం, ఊరి పక్కనున్న 6 గుంటలు అమ్మాం. గుర్తింపు లేని కోర్సులో పేదవాడే మొత్తం సొమ్ము సొంతంగా కట్టుకోవాల్సి వస్తోంది. ఇది మీరు గమనించాలి.

మధ్యలో మానేసినవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. మావాడి రూమ్మేట్ ప్రవేశాలు ముగిసిన పది రోజులకే సంగతి గ్రహించి వెళ్లిపోతానన్నాడు. యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ప్రవేశాల చివరి తేదీ దాటాక 15 రోజుల్లోపు మానుకుంటే 80 శాతం ఫీజు తిరిగివ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచుకోకూడదు. ఆ మాట అడిగితే, తాము యూజీసీ కిందకు రామని ఆఫీసులో చెప్పారట. చేర్చుకునేటప్పుడు యూనివర్సిటీ డిగ్రీ అన్న నోటితోనే. ఇంటర్ మెమో, టీసీ తీసుకోవడానికి ఆ పిల్లాడికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడాది ఇంకెక్కడా చేరలేకపోయాడు.

5. పిల్లలు తీసిన సినిమా పిల్లల చేతికి రావడం లేదు. ఈ రంగంలో ఉద్యోగం అడగడానికి వెళ్తే మార్కుల మెమో ఎవరూ చూడరు, షోరీల్, అంటే మనం చేసిన పనిలో మంచి ముక్కలు కలిపిన చిన్న వీడియో, చూపించమంటారు. మావాడి బ్యాచ్ షార్ట్ ఫిల్మ్ ఒరిజినల్ ఫుటేజీ ఉన్న హార్డ్ డిస్క్ కాలేజీలోనే పెట్టుకున్నారు. అన్ని బకాయిలు కట్టి నో డ్యూస్ తెచ్చుకుంటేనే ఇస్తామన్నారు. కట్టాక, హక్కులు కాలేజీవి అన్నారు. మన కాపీరైట్ చట్టంలో సినిమాకు కర్త నిర్మాతే, నిజమే. మరి ఆ సినిమాకు నిర్మాత ఎవరు? లొకేషన్ అద్దె పిల్లలు కట్టారు, నటులకు భోజనాలు పిల్లలు పెట్టారు, కెమెరా నా స్టూడియో నుంచి వెళ్లింది, రెండు లైట్లు కూడా.

6. ఆడపిల్లల సంగతి. మా పక్క ఊరి అమ్మాయి, నాకు వరసకు మేనకోడలు, ఇలాంటి కోర్సులోనే చేరింది. ఇంటర్న్‌షిప్ పేరుతో ఒక షూటింగ్‌కు పంపారు. ఒప్పందం కాగితం లేదు, ఎవరి కింద పనిచేయాలో చెప్పలేదు, రాత్రి రెండింటికి ప్యాకప్ అయితే హాస్టల్‌కు బండి లేదు. మూడు రోజులు చూసి వాళ్ల నాన్న వెళ్లి తీసుకొచ్చేశాడు. ఆ అమ్మాయి ఇప్పుడు బి.ఎడ్. చేస్తోంది. మలయాళ సినీరంగంలో మహిళల పరిస్థితి మీద హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చాక దేశమంతా మాట్లాడింది. ఇరవై ఏళ్లు నిండని విద్యార్థినిని సెట్‌కు పంపే కాలేజీకి బాధ్యత ఉండాలా వద్దా, మీరే చెప్పండి.

7. కోర్సు అయ్యాక ఏముంటుందో ఎవరూ చెప్పడం లేదు. "నూరు శాతం ప్లేస్‌మెంట్" అని బోర్డులుంటాయి. సినిమా పనికి కాలేజీ సర్టిఫికెట్ వేరు, 24 క్రాఫ్ట్స్ అనే సినిమా పని విభాగాల్లో సంబంధిత యూనియన్ కార్డు వేరు అన్న సంగతి మావాడికి హైదరాబాద్‌లో సినిమా పనివాళ్లుండే కృష్ణానగర్ వెళ్లాకే తెలిసింది. ఇప్పుడు అక్కడే ఒక ఎడిట్ రూమ్‌లో నెలకు 12 వేలకు చేస్తున్నాడు. కష్టపడుతున్నాడు, మంచి ఎడిటర్ గారి దగ్గర పడ్డాడు, ఆ విషయంలో నాకు బాధ లేదు. మూడేళ్లలో నేర్చుకోనిది ఆరు నెలల్లో నేర్చుకున్నాను నాన్నా అన్నాడు ఫోన్లో. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

8. మంచి దారులున్నాయని మాకు చెప్పినవాళ్లు లేరు. పుణెలో పాత ప్రభాత్ స్టూడియో స్థలంలో 1960లో కేంద్రం పెట్టిన ఇన్‌స్టిట్యూట్ ఉంది. కోల్‌కతాలో సత్యజిత్ రే పేరుతో 1995లో పెట్టింది ఉంది. వాటిలో సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే, దేశమంతా పోటీ. అయినా డిగ్రీ అయ్యాక ప్రయత్నించవచ్చని తెలిస్తే, మావాడు ఏదో ఒక మామూలు డిగ్రీ తక్కువ ఖర్చుతో చేసి దానికి తయారయ్యేవాడు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. అందులో ఫొటోగ్రఫీ, యానిమేషన్‌లలో బి.ఎఫ్.ఎ. ఉందని, దానికి వేరే ప్రవేశ పరీక్ష ఉందని నాకు 2024లో తెలిసింది. జనగామ నుంచి అది రెండు గంటల ప్రయాణం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ 1988 నుంచి ఉంది, అక్కడ కమ్యూనికేషన్‌లో పీజీ చేయవచ్చు.

ఇంకో మాట కూడా ఉంది. చెన్నైలో ఎం.జి.ఆర్. పేరు మీద తమిళనాడు ప్రభుత్వం ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో కర్ణాటకకు ఉంది. కొట్టాయం దగ్గర కేరళకు ఉంది. కటక్‌లో ఒడిశాకు కూడా ఉంది. ఇన్ని సినిమాలు తీసే మన తెలుగువాళ్లకు, ప్రపంచంలోనే పెద్దదిగా గిన్నిస్ గుర్తించిన ఫిల్మ్ సిటీ ఉన్న మన దగ్గర, అలాంటి సర్కారు ఇన్‌స్టిట్యూట్ ఇంకా రాలేదు. ఆ ఖాళీలోకే ఈ హోర్డింగులు వచ్చి నిలబడ్డాయి.

పై కారణాల వల్ల మిమ్మల్ని కోరుతున్నవి ఇవి.

1. కాలేజీ యాజమాన్యాలు ఒక్క రూపాయి తీసుకోకముందు విద్యార్థికి తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. సంతకం, ముద్ర ఉండాలి. చివరికి వచ్చే డిగ్రీ పూర్తి పేరు, ఇచ్చే విశ్వవిద్యాలయం, రెగ్యులరా దూరవిద్యా, గుర్తింపు ఉత్తర్వు నంబరు, ఆ గుర్తింపు ఏ ఏడాది దాకా ఉంది, ఫీజుతో పాటు అయ్యే మొత్తం ఖర్చు, క్లాసులో ఎంతమంది, పనిచేసే కెమెరాలు, ఎడిట్ సిస్టమ్‌లు ఎన్ని, చెప్పేవాళ్ల పేర్లు, ఒక్కో విద్యార్థి చేతికి సెమిస్టర్‌లో కెమెరా ఎన్ని గంటలు వస్తుంది. ఒక పేజీలో పడుతుంది. నాకు మిగతా కోరికలన్నిటికంటే ఇది ముఖ్యం. ఆ పేజీ 2021లో నా చేతిలో ఉంటే 50 వేలు అడ్వాన్సు కట్టేవాణ్ని కాదు.

2. గుర్తింపు ఉన్న సినిమా, మీడియా కోర్సుల జాబితాను ఉన్నత విద్య అధికారులు ప్రతి ఏడాది ఇంటర్ ఫలితాలకు ముందే ప్రకటించాలి. డిగ్రీ ప్రవేశాల కోసం పిల్లలు ఎలాగూ చూసే దోస్త్ వెబ్‌సైట్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో దానికి సమానమైన దాంట్లో అది కనిపించాలి. ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీద అంటించాలి.

3. గుర్తింపు ఇచ్చిన విశ్వవిద్యాలయాలు ఏడాదికి ఒక్కసారైనా ముందు చెప్పకుండా తనిఖీకి వెళ్లాలి. వెళ్లినప్పుడు బీరువాలో కెమెరా చూసి రాకండి. ఇష్యూ రిజిస్టరు అడగండి. ఏ తేదీన ఏ విద్యార్థి కెమెరా తీసుకున్నాడు, ఎప్పుడు తిరిగి ఇచ్చాడు అన్నది అందులో ఉంటుంది. రిజిస్టరే లేదంటే అసలు సంగతి అక్కడే తెలిసిపోతుంది.

4. ఫీజు వాపసు, ఒరిజినల్ సర్టిఫికెట్ల నిబంధన గుర్తింపు లేని సంస్థలకు కూడా వర్తించేలా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి.

5. విద్యార్థులు తీసిన ప్రతి సినిమా కాపీని, వాళ్ల ఫుటేజీని, సమర్పించిన 15 రోజుల్లో వాళ్లకు ఇవ్వాలి. దాన్ని బకాయిలతో ముడిపెట్టకూడదు. షోరీల్‌లో వాడుకునే హక్కు రాతపూర్వకంగా ఉండాలి.

6. ప్రకటనల మీద అదుపు కావాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ సెంటర్ల తప్పుడు ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగ గ్యారంటీ లాంటి మాటలు, అనుమతి లేకుండా విద్యార్థుల ఫొటోలు వాడటం తప్పన్నది. కానీ కోచింగ్ నిర్వచనంలోంచి నాట్యం, నాటకం, ఇతర సృజనాత్మక కార్యకలాపాలను తప్పించింది. సినిమా సంస్థలు ఈ సందులోంచి జారిపోయే ప్రమాదం ఉంది. వాటినీ స్పష్టంగా చేర్చమని రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్రానికి రాయాలి.

7. ఇంటర్న్‌షిప్‌కు పంపే ప్రతి విద్యార్థికీ ఒప్పంద పత్రం, పని గంటలు, రాత్రి రవాణా, ఫిర్యాదు చేయాల్సిన మనిషి పేరు, నంబరు ఉండాలి. ఇవి లేకుండా ఆడపిల్లలనే కాదు, ఎవరినీ పంపకూడదు.

8. ఇప్పటికే ఇలాంటి కోర్సుల మధ్యలో ఉన్న పిల్లలకు గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయంలో పరీక్ష రాసి, పని చూపించి, నేరుగా రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో చేరే అవకాశం ఇవ్వండి. వాళ్లు చేసిన తప్పేమీ లేదు.

9. రెండు రాష్ట్రాల్లో ఒక్కో సర్కారు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టండి. పెద్ద భవనాలు అక్కర్లేదు. 20 మందికి 5 కెమెరాలు, నెలనెలా జీతం అందే గురువులు ఉంటే చాలు.

ఈ ఏడాది పిల్లల్ని చేర్చబోతున్న తల్లిదండ్రులకు రెండు మాటలు. కాలేజీ వాళ్లు చెప్పిన విశ్వవిద్యాలయం పేరు యూజీసీ వెబ్‌సైట్ జాబితాలో ఉందో లేదో చూడండి, ఆ తర్వాత ఆ విశ్వవిద్యాలయానికే ఫోన్ చేసి ఈ కాలేజీ మీదేనా అని అడగండి. ఏసీ గదిలో మాటలు అయ్యాక గేటు బయట టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడి, రెండో ఏడాది పిల్లల్ని పలకరించండి. పోయిన వారం కెమెరా ఎన్నిసార్లు పట్టుకున్నావు బాబూ అని ఒక్క మాట అడిగితే చాలు. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అడ్వాన్సు మాత్రం మొదటి రోజే కట్టకండి.

అధికారులకు మళ్లీ విన్నవిస్తున్నాను. ఏప్రిల్ 15లోగా నా మొదటి రెండు కోరికల మీద మీ నిర్ణయం తెలియజేయండి. అప్పటికీ జవాబు రాకపోతే మేం ఐదుగురు తల్లిదండ్రులం కలిసి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయాలని అనుకున్నాం. లాయరు గారు కాగితాలు సిద్ధం చేస్తున్నారు. కోర్టుకు వెళ్లాల్సిన పని లేకుండానే ఇది జరగాలని మా కోరిక.

మా చిన్నబ్బాయి ఈ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం. సౌండ్ చదువుతానంటున్నాడు. బస్ స్టేషన్‌లో రాసుకున్న అన్న నోట్‌బుక్ ఇప్పుడు వాడి పుస్తకాల మధ్యలో ఉంది. వాణ్ని ఏ కాలేజీకి తీసుకెళ్లాలో మీరు ఇవ్వబోయే జాబితా చూసి నిర్ణయించుకుందామని ఆగి ఉన్నాను.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో యజమాని,
జనగామ జిల్లా